సముద్రం కనబడే గది

మా ఊరికి జనం బస్సులు కట్టించుకుని వస్తారు. మేం మాత్రం ఎక్కడికీ వెళ్లం.

కృష్ణదేవిపేట అంటే చాలామందికి తెలియకపోవచ్చు. అల్లూరి సీతారామరాజు సమాధి ఉన్న ఊరంటే మాత్రం వెంటనే గుర్తుపడతారు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, మర్నాడు మా ఊరు, ఆ మర్నాడు రాజవొమ్మంగి... వరసగా మూడు రోజులు మూడు పోలీసుస్టేషన్ల మీద పడి తుపాకులు పట్టుకెళ్లిన కథలో నడిమి రోజు మాది. జులై 4న జయంతి, మే 7న వర్ధంతి. ఆ రెండు రోజులూ ఊరు ఊరంతా కార్లే. మా ఆయన ఎరువుల కొట్టు ముందు ఆపి ‘సమాధికి దారెటండీ’ అని అడుగుతారు. దారి చూపించడంలో మాకు బాగా అనుభవం ఉంది. బ్యాగు సర్దుకుని బయల్దేరడంలోనే లేదు.

అలాంటి ఇంట్లో పోయిన వేసవిలో ఒక కోరిక పుట్టింది. కోరింది పిల్లలు కాదు, మా అత్త.

అత్తకి అరవై ఎనిమిదేళ్లు. ఏప్రిల్‌లో ఒక కంటికి, జూన్‌లో రెండో కంటికి శుక్లాల ఆపరేషన్ అయ్యింది. పట్టీ విప్పాక మొదట గోడ మీద బల్లిని చూసి ‘ఇదెప్పుడొచ్చిందే’ అంది. తర్వాత నా మొహం చూసి ‘నల్లబడిపోయావేటే కోడలా’ అంది. ఓ వారం పోయాక, చిక్కుళ్లు ఒలుస్తూ మెల్లిగా బయటపెట్టింది.

“సముద్దరం కాడ ఒక రాత్రి పడుకోవాలనుందే. కిటికీలోంచి నీళ్లు కనబడాల.”

సముద్రం చూడాలంటే అర్థం చేసుకుంటాను. రాత్రి పడుకోవడమేంటి? అదీ కిటికీలోంచి కనబడాలా! టీవీ సీరియళ్ల ప్రభావం అనుకున్నాను. ఆమె సముద్రం అసలు చూడలేదని కాదు. ఒకసారి సింహాచలం చందనోత్సవానికి వెళ్లినప్పుడు బస్సు కిటికీలోంచి నీలంగా ఒక గీత చూసిందట. అంతే. మావయ్య బతికున్నంతకాలం ఏటా ‘ఈసారి జీడిపిక్కలు అమ్మాక తీసుకెళ్తాను’ అనేవారు. పిక్కలు అమ్మేవారు. డబ్బులు మాత్రం ఎప్పుడూ ఇంకెక్కడికో వెళ్లేవి. ఆయన పోయి మూడేళ్లయ్యింది.

మా ఆయన ఏమీ అనలేదు. “చూడు, నువ్వే చూడు, నీకు ఫోన్లో అవన్నీ తెలుసు కదా” అన్నాడు. ఎనిమిది వేలు దాటకూడదని మాత్రం చెప్పాడు. అయిదుగురం – మేమిద్దరం, అత్త, ఎనిమిదో తరగతి చదివే పెద్దది, నాలుగో తరగతి చిన్నోడు. ఒక రాత్రి.

నేను బడిలో లెక్కలు చెప్తాను. ఎనిమిది వేలకు ఈ లెక్క తేలుతుందనే అనుకున్నాను.

నిజానికి సముద్రం మాకు దూరం కాదు. నర్సీపట్నం నుంచి కోటవురట్ల మీదుగా అడ్డరోడ్డు చేరి, హైవే దాటితే రేవుపోలవరం. కొండ వచ్చి నీళ్లలో కాలు పెట్టినట్టుండే చక్కటి తీరం. పగలు వెళ్లి రావడానికి అంతకంటే మంచి చోటు మాకు లేదు. కానీ ముసలావిడతో, పిల్లలతో రాత్రి ఉండటానికి నలుగురిని అడిగినా గది మాట ఎవరూ చెప్పలేకపోయారు. పూడిమడక అనుకుంటే మా పెద్దదే వద్దంది. 2022 జులైలో అక్కడ స్నానానికి దిగిన ఇంజినీరింగ్ కుర్రాళ్లు అలలకు కొట్టుకుపోయి చనిపోయారు. ఆ వార్త మా బడిలో కూడా చాలా రోజులు నలిగింది. ఇక మిగిలింది విశాఖపట్నం.

దసరా సెలవుల్లో వెళ్దామని ఆగస్టులోనే వెతకడం మొదలుపెట్టాను. అప్పుడర్థమైంది, ‘బీచ్ ఫ్రంట్’ అన్న మాటకు హోటళ్లవాళ్ల నిఘంటువులో చాలా అర్థాలున్నాయని. సముద్రానికి ఎదురుగా ఉన్నదీ బీచ్ ఫ్రంటే, బీచ్ రోడ్డు నుంచి మూడో సందులో ఉన్నదీ బీచ్ ఫ్రంటే. ఒక హోటల్ ఫొటోల్లో తొమ్మిది సముద్రం బొమ్మలున్నాయి. మ్యాప్ తెరిచి చూస్తే అది రైల్వే స్టేషన్ పక్కన!

అసలు ఆర్కే బీచ్‌లో ఏ హోటలైనా ఇసుకను ఆనుకుని ఎందుకు ఉండదో కూడా ఈ వెతుకులాటలోనే తెలుసుకున్నాను. 1991లో కేంద్రం తీర ప్రాంత నియంత్రణ నిబంధనలు తెచ్చింది. తర్వాత రెండుసార్లు మార్చినా మూలసూత్రం అదే. పెద్దపోటు వచ్చినప్పుడు నీళ్లు చేరే గీత ఒకటి గీస్తారు. పట్నాల్లో అయితే, అప్పటికే ఉన్న రోడ్డుకో కట్టడానికో ఇవతలి వైపే కొత్త భవనం కట్టాలి. ఊళ్ల వైపు అయితే ఆ గీత నుంచి చాలాచోట్ల 200 మీటర్ల దాకా కొత్త కట్టడాలు కుదరవు. అందుకే మన బీచ్ హోటల్ అంటే హోటలూ, దాని ముందు రోడ్డూ, ఆ తర్వాత ఇసుకా. మంచి నిబంధనే, నేను తప్పుపట్టను. కాకపోతే దానివల్ల రోడ్డుకు ఎదురు వరసలో ఉన్న ఆ కాసిన్ని స్థలాలూ బంగారమైపోయాయి. ఎదురు వరసలో పెద్ద హోటళ్లు, వెనక వరసలో మనం.

నాకు బాగా గుర్తున్న ఎదురు వరస గది ఒకటుంది. పెళ్లయిన కొత్తలో, 2012లో, మేమిద్దరం రుషికొండ మీద పర్యాటకశాఖ వాళ్ల హరిత రిసార్ట్‌లో ఒక రాత్రి ఉన్నాం. ప్రభుత్వం హోటల్ కాబట్టి కుళాయి కాస్త కారేది, టీ అడిగిన అరగంటకు వచ్చేది. కానీ వసారాలో నిలబడితే కింద బంగాళాఖాతం మొత్తం మనదే. నాది అప్పుడు కొత్త ఉద్యోగం. ఆ జీతానికి అందిన గది అది. అత్త అడగ్గానే నా మనసు అక్కడికే పోయింది. కానీ దాన్ని 2021లో పడగొట్టేశారు. ఆ స్థానంలో లేచిన భవనాల సంగతి 2024 జూన్‌లో తలుపులు తెరిచినప్పుడు రాష్ట్రమంతా టీవీల్లో చూసింది. వందల కోట్లు, స్నానాలగదుల ముచ్చట్లు. రాజకీయం నాకొద్దు. నా బాధల్లా ఒక్కటే – మాలాంటి వాళ్లు కొండెక్కి సముద్రం చూస్తూ పడుకోగలిగిన ఒక చోటు పోయింది.

దసరాకి కుదర్లేదు. సెలవుల్లో ధరలు దాదాపు రెట్టింపు చూపించాయి. అక్టోబరులో మహిళల ప్రపంచకప్ మ్యాచ్‌లు విశాఖలోనే. మన అమ్మాయిలు ఆడిన వారాల్లో రేట్ల జోలికి వెళ్లలేదు. నెలాఖరున మొంథా తుపాను. నవంబరు 14, 15 తేదీల్లో పెద్ద పెట్టుబడుల సదస్సు. ఈ మధ్యలో దొరికిన సందు నవంబరు 8 రెండో శనివారం, 9 ఆదివారం. కార్తికమాసం కూడా కలిసొచ్చింది, సముద్రస్నానం అని అత్త సంబరపడింది. కార్తికంలో ఇంట్లో నీచు ముట్టం కాబట్టి మా ఆయన సంబరం సగానికి తగ్గింది. సముద్రం దగ్గరకెళ్లి చేప తినకుండా రావడమా అని రెండు రోజులు గొణిగాడు.

ధరల విషయంలో ఒక మాట. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు 7,500 రూపాయల లోపు గదులకు జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. పెద్ద మొత్తం కాకపోయినా రెండున్నర వేల గదికి నూట డెబ్బయి అయిదు మిగిలినట్టే. అది మా ఇంట్లో రెండు రోజుల కూరగాయల ఖర్చు.

ఫోన్లు చేయడం నేర్చుకున్నాను. యాప్‌లో కనిపించే ధర ఎప్పుడూ ఇద్దరు పెద్దవాళ్లకే. పిల్లల్ని కలిపితే ఒక ధర, ముసలావిడని కలిపితే ఇంకో ధర. పన్నెండేళ్లు దాటిన పిల్ల వాళ్ల లెక్కలో పెద్దమనిషే. చాలా హోటళ్లలో మధ్యాహ్నం పన్నెండుకు లోపలికి రానిస్తారు, మర్నాడు పదకొండుకో పన్నెండుకో పంపేస్తారు. పాత లాడ్జీల్లో ఇరవై నాలుగు గంటల లెక్క. మనలాంటి పొద్దున్నే దిగేవాళ్లకు లాడ్జీ లెక్కే మేలు. లిఫ్ట్ ఉందా అని అడిగితే ‘ఉందండీ’ అంటారు. పనిచేస్తోందా అని విడిగా అడగాలి.

ఇవన్నీ అడిగి అడిగి ఇరవై ఇద్దరితో మాట్లాడాను. వాళ్లలో భీమిలి లాడ్జీ ఆయన ఒకరు. మిగతావాళ్లంతా ఉన్నవి చెప్తే, ఆయన లేనివి చెప్పాడు. “ఏసీ లేదు మేడమ్. లిఫ్ట్ లేదు, మొదటి అంతస్తు, పద్దెనిమిది మెట్లు. టిఫిన్ మా దగ్గర చెయ్యరు. పరుపులు కొత్తవి కాదు, దుప్పట్లు ఉతికినవి.” కిటికీలోంచి ఏం కనబడుతుందని అడిగితే అప్పటికప్పుడు వెళ్లి ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టాడు. ఫొటోలో ఓ మూల ఆయన బొటనవేలు, ఒక కరెంటు తీగ, రోడ్డు, రోడ్డవతల రెండు కొబ్బరిచెట్లు, వాటి మధ్య సముద్రం. పదిహేను వందలు, అదనపు పరుపుకి రెండొందలు.

ఆ బొటనవేలు చూసి నవ్వుకుని పక్కన పెట్టేశాను. ఏసీ లేకపోవడమేమిటి, ఇన్నాళ్లకు వెళ్తున్నాం! ఆర్కే బీచ్ దగ్గర ‘సీ వ్యూ ఫ్యామిలీ రూమ్’ అన్నది పన్నులతో కలిపి 2,650కి కనబడింది. డబ్బు ముందే కట్టేశాను. మెరిసే దుప్పట్ల ఫొటోలకు పడిపోయానని ఒప్పుకుంటున్నాను.

శనివారం తెల్లారకుండానే బస్సెక్కాం. ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం వచ్చింది కదా, ఆడవాళ్లం ముగ్గురం ఆధార్ చూపించి సున్నా టికెట్ తీసుకున్నాం. మా ఆయనకు, చిన్నోడి అరటికెట్టుకే ఖర్చు. “నా జన్మలో మొదటిసారి నీకంటే నాకు ఎక్కువ అయ్యింది” అన్నాడాయన. నర్సీపట్నంలో మారి, మాకవరపాలెం, తాళ్లపాలెం, అనకాపల్లి మీదుగా ద్వారకా బస్‌స్టేషన్. అత్త ఒడిలో పులిహోర క్యారేజీ. దారంతా కొత్త కళ్లతో ప్రతి బోర్డూ చూసింది. చదవడం రాదు. అయినా పెద్దదాన్ని అడిగి ప్రతిదీ చదివించుకుంది.

హోటల్ కౌంటర్ దగ్గర కుర్రాడు కంప్యూటర్లో చూసి, “ఇది ముగ్గురికే మేడమ్” అన్నాడు. ఫ్యామిలీ రూమ్ కదా అంటే, “ఫ్యామిలీ అంటే ముగ్గురు” అన్నాడు. మిగతా ఇద్దరికీ మనిషికి ఎనిమిది వందలు. నోరు మూసుకుని కడదామనే అనుకున్నాను. ముందు గది చూద్దాం పదమని అత్త అంది కాబట్టి బతికిపోయాం.

నాలుగో అంతస్తు. తలుపు తీస్తే అంతా ఫొటోలో ఉన్నట్టే ఉంది. దుప్పట్లు మెరుస్తున్నాయి, ఏసీ గాలి చల్లగా తగిలింది. అత్త సరాసరి కిటికీ దగ్గరకెళ్లింది. తెర పక్కకు లాగింది. అది తెరుచుకోని అద్దం కిటికీ. ఎదురుగా పక్క బిల్డింగు వెనక గోడ, దాని మీద నల్లటి నీళ్ల ట్యాంకు. ఆ ట్యాంకుకీ గోడకీ మధ్య జానెడు సందులో ఏదో నీలంగా ఉంది.

“సముద్దరం ఏదే?” అంది అత్త.

కుర్రాడు వచ్చి మెడ వంచి, “ఇటు నుంచి చూడండమ్మా, అదిగో” అని చూపించాడు. అత్త కూడా మెడ వంచి చూసింది. కాసేపు అలాగే నిలబడింది. “అదేనా” అంది. కోపం లేదు, నిష్ఠూరం లేదు. ఆ మాట అన్న తీరుకు నాకు ఏడుపొచ్చినంత పనయ్యింది. వెంటనే సర్దుకుని, “పర్వాలేదులే అమ్మా, బాగానే ఉంది. చల్లగా ఉంది” అంటూ మంచం మీద కూర్చుంది.

నేను కిందికి దిగి గొడవపెట్టుకున్నాను. పిల్లల్ని అదిలించే గొంతు అక్కడ పనికొచ్చింది. వాళ్లు మర్యాదగానే, కట్టిన డబ్బు వెనక్కి ఇవ్వడం కుదరదన్నారు. బుక్ చేసినప్పుడు కింద చిన్న అక్షరాల్లో ఆ సంగతి ఉందట. నిజమే, ఉంది. నేనే చూడలేదు. చివరికి ఎనిమిది వందలు కోసుకుని మిగతాది ఖాతాలో వేస్తామన్నారు. (వేశారు, పన్నెండో రోజున.) మా ఆయన బయట ఫుట్‌పాత్ మీద బ్యాగుల పక్కన నిలబడి నన్నే చూస్తున్నాడు. ‘పెళ్లాం గది పోగొట్టింది’ అన్న మాట ఆయన మొహంలో స్పష్టంగా ఉంది.

ఫోన్లో ఆ బొటనవేలు ఫొటో వెతికాను.

“ఉందండీ, రండి. కానీ ఏసీ లేదు, ముందే చెప్తున్నాను” అన్నాడు భీమిలి ఆయన మళ్లీ.

ఆటోలో అప్పుఘర్ దాకా వెళ్లి అక్కడ 900కె ఎక్కాం. భీమిలి వెళ్లేటప్పుడు బస్సులో కుడిపక్క కూర్చోవాలి. అది మాత్రం ఎవరికైనా చెప్తాను. టికెట్టు కొన్నా కొనకపోయినా ఆ కిటికీలో దొరికేది రాష్ట్రంలోకెల్లా చవకైన సముద్రం. కైలాసగిరి ఎడమవైపు ఉండిపోతుంది, కుడివైపు నీళ్లు మనతో పాటే వస్తాయి. రుషికొండ దగ్గర ఆ కొత్త భవనాలు కనబడ్డాయి. నేనూ మా ఆయనా ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం, ఏమీ మాట్లాడుకోలేదు. కింద బీచ్‌కి 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. 2025 మార్చిలో నిర్వహణ బాగోలేదని ఆ జెండా దించేశారు. అదే నెలలో మళ్లీ ఎగరేశారు. ఆ తర్వాత మంగమారిపేట, ఎర్రమట్టి దిబ్బలు. వేల ఏళ్లుగా గాలీ నీళ్లూ కలిసి చేసిన ఆ దిబ్బలు మొన్న సెప్టెంబరులోనే యునెస్కో తాత్కాలిక జాబితాలోకెక్కాయి. చిన్నోడికి అవి ‘కారంపొడి కొండలు’.

లాడ్జీ ఆయన చెప్పినవన్నీ నిజమే. లిఫ్ట్ లేదు. మెట్లు మాత్రం పంతొమ్మిది. ఆయన ఒకటి తక్కువ లెక్కపెట్టాడు, అత్త మోకాలు సరిగ్గా లెక్కపెట్టింది. గోడకు సున్నం పెళ్లలు లేచాయి. కిటికీ తలుపులు చెక్కవి, పాతకాలంవి. బోల్టు తీసి రెండింటినీ తోసేసరికి గదిలోకి ముందు చప్పుడొచ్చింది, తర్వాత గాలి, ఆ తర్వాత ఉప్పు వాసన. కొబ్బరిచెట్లు రెండూ ఉన్నాయి. వాటి మధ్యనా, అటూ ఇటూ, ఎంత దూరం చూస్తే అంత దూరం నీళ్లు.

అత్త మాట్లాడలేదు. కుర్చీ లాక్కుని కూర్చుంది.

భీమిలి మీద నాకు ముందు చిన్నచూపుండేది, ఒప్పుకోవాలి. వైజాగ్ అంటే ఆర్కే బీచే అనుకునేదాన్ని. భీమిలి 1861లోనే మున్సిపాలిటీ అయిన ఊరు. డచ్చివాళ్ల సమాధులు, పాత లైట్‌హౌస్, చిన్న సందులు. అన్నింటికన్నా మా పెద్దదానికి నచ్చింది గోస్తనీ నది సముద్రంలో కలిసేచోటు. అనంతగిరి కొండల్లో, బొర్రా గుహల దగ్గర పుట్టిన నది ఇక్కడి దాకా వచ్చి, పెద్ద హడావుడేమీ లేకుండా, ఇసుకలో పాయలు పాయలుగా విడిపోయి ఉప్పునీళ్లలోకి జారుకుంటుంది. సాయంత్రం అక్కడికి నడిచాం. మురీ మిక్చరు తిన్నాం. పిల్లలకు కార్తికం నుంచి మినహాయింపు ఇచ్చి చేపల వేపుడు కొనిపెట్టాం. మా ఆయన ‘ముళ్లు తీసి పెడుతున్నాను’ అంటూ వాళ్ల పక్కనే కూర్చున్నాడు. ఎన్ని ముళ్లు తీశాడో, ఎన్ని ముక్కలు మాయమయ్యాయో నేను చూడనట్టే ఊరుకున్నాను.

అత్త పాయ అంచున నిలబడి, “ఇదీ కొండ నీళ్లేనా” అని పెద్దదాన్ని అడిగింది. అవును నానమ్మా అంది అది. “మన తాండవ లాగే” అంది అత్త.

అప్పుడు నేను పట్టించుకోలేదు.

రాత్రి తొమ్మిదింటికి పిల్లలు పడుకున్నారు. పౌర్ణమి వెళ్లి మూడు రోజులే అయ్యింది కాబట్టి ఎనిమిది దాటాక చంద్రుడు నీళ్లలోంచి లేచాడు. ముందు ఎర్రగా, తర్వాత పసుప్పచ్చగా. నాకు మధ్యలో మెలకువ వచ్చింది. ఫోన్లో చూస్తే ఒంటిగంటన్నర. అత్త కిటికీ దగ్గరే ఉంది, శాలువా కప్పుకుని.

“పడుకోలేదా అత్తా?”

“పడుకుంటానులే.”

లేచి వెళ్లి పక్కన నిలబడ్డాను. దూరంగా రెండు మూడు పడవల దీపాలు. అల వచ్చి విరిగినప్పుడల్లా తెల్లటి గీత ఒకటి ఈ చివర నుంచి ఆ చివరకు పరిగెత్తి ఆరిపోతోంది. చాలాసేపటికి అత్త తనే చెప్పింది.

“మీ మావని తాండవలో కలిపారు కదా. మగోళ్లే ఎల్లారు. నన్ను తీసుకెళ్లలేదు. ఆ నీళ్లు ఎక్కడికెళ్తాయిరా అని మీ ఆయన్ని అడిగాను. పెంటకోట కాడ సముద్దరంలో కలుత్తాయమ్మా అన్నాడు.”

నా దగ్గర మాటల్లేవు. మా పక్క నాతవరం మండలంలోనే తాండవ జలాశయం. దాని దిగువన అస్థికలు కలిపిన సంగతి నాకు తెలుసు. ఆ ఏరు పాయకరావుపేట పక్కనుంచి వెళ్లి పెంటకోట దగ్గర సముద్రంలో కలుస్తుందన్నదీ తెలుసు. పిల్లలకు పాఠం చెప్పేటప్పుడు పటం గీసి మరీ చూపించాను. ఈ రెండూ కలిపి చూడటం మాత్రం నాకు తట్టలేదు. మా ఆయనకు తెలుసు. ఎనిమిది వేలు అని మాత్రం చెప్పి, మిగతాది మింగేశాడు.

“అయితే పెంటకోటే వెళ్లేవాళ్లం కదా అత్తా. మనకి అదే దగ్గర.”

“మూడేళ్లయ్యింది. అక్కడే ఉంటాడేటి? మీ మావ ఒక్కచోట కూసునే మనిషా?” అని నవ్వింది. “ఎక్కడైనా అవే నీళ్లు.”

తర్వాత మేమిద్దరం ఏం మాట్లాడుకున్నామో ఇక్కడ రాయను. ఎక్కువేమీ లేదు. జీడితోట గురించి, కంచె బాగుచేయించాల్సిన సంగతి గురించీ. ఒకసారి మాత్రం ఆమె కిటికీ వైపు చూస్తూ, నాతో కాదన్నట్టుగా, “పిక్కలు రేటు పడిపోయింది ఈ ఏడు” అంది.

పొద్దున్న ఆరు దాటాక సూర్యుడొచ్చాడు. మన తీరంలో ఇదొక అదృష్టం. గోవా వెళ్లేవాళ్లు సముద్రంలో సూర్యాస్తమయం చూస్తారు. మనకు సూర్యోదయం. నిద్ర లేవగలిగితే చాలు, డబ్బు అక్కర్లేదు. అందరం రోడ్డు దాటి ఇసుకలోకి వెళ్లాం. మంచం నుంచి నీళ్ల దాకా ఎన్ని అడుగులో చిన్నోడు లెక్కపెట్టాడు – రెండొందల పద్నాలుగు, మెట్లతో కలిపి.

స్నానానికి దిగే ముందు వలలు సర్దుకుంటున్న ఒక మత్స్యకారుణ్ని అడిగాను, ఎక్కడ దిగొచ్చని. ఆయన ఒక చోటు చూపించి, పక్కనే ప్రశాంతంగా కనబడుతున్న ఇంకో చోటు మాత్రం వద్దన్నాడు. నాకు ఆశ్చర్యమేసింది. అలలు తక్కువున్నచోటే కదా భద్రం అనుకుంటాం. అదే పొరపాటు. అలలు ఒడ్డుకు తోసిన నీళ్లన్నీ తిరిగి లోపలికి వెళ్లడానికి ఒక సన్నటి దారి చేసుకుంటాయి. ఆ దారిలో అల విరగదు కాబట్టి నిమ్మళంగా కనబడుతుంది. అందులో కాలు పెడితే లోపలికి లాగేస్తుంది. చిక్కుకుంటే ఒడ్డు వైపు ఎదురీదకూడదట. ఒడ్డు వెంబడి పక్కకు ఈదుతూ ఆ దారి తప్పించుకోవాలి. విశాఖ తీరం పొడవునా ప్రాణాలు పోయేది ఎక్కువగా దీనివల్లే. మేం మోకాలి లోతు దాటలేదు. అత్త ఒక చేత్తో నన్ను, ఇంకో చేత్తో కొడుకుని పట్టుకుని మూడు మునకలు వేసింది. నాలుగోది వేస్తానంది. పసుపు, కుంకుమ, రెండు అరటిపళ్లు, ఒక దీపం డొప్ప నీళ్లలో వదిలింది. వాటితో పాటు కొంగు ముడి విప్పి ఇంకేదో కూడా వదిలింది. ఒక జీడిపిక్క. మా ఆయన మొహం పక్కకు తిప్పుకున్నాడు.

తిరుగు ప్రయాణంలో ఆర్కే బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ చూపించాం, పిల్లల పోరు పడలేక. 1969 నుంచి 2001 దాకా నౌకాదళంలో పనిచేసి, 2002 నుంచి ఒడ్డున మ్యూజియంగా నిలబడింది. లోపల నావికులు పడుకునే బల్లలు చూసి మా ఆయన, “ఇది నిజమైన సీ ఫ్రంట్ గది, ఏసీ కూడా ఉండుంటుంది, అడుగు” అన్నాడు. నేను పట్టించుకోలేదు. అత్త లోపలికి రాలేదు. బయట గోడ మీద కూర్చుని మొక్కజొన్న పొత్తు తింటూ సముద్రం వైపే చూస్తోంది. మాకు గది ఇవ్వని ఆ హోటల్ అక్కడికి దగ్గర్లోనే. అటు చూసి, “పాపం, వాళ్ల కిటికీలో టేంకీయే కదా” అంది.

ఇంటికొచ్చాక లెక్క రాశాను. గది, అదనపు పరుపు 1,700. పోయిన ఎనిమిది వందలు. తిండి, ఆటోలు, టికెట్లు, చిన్నోడి ప్లాస్టిక్ పడవ అన్నీ కలిపి ఆరు వేల మూడొందల చిల్లర. ఎనిమిది వేలలో ఇంకా మిగిలాయి. ఆ సంగతి అత్తకు చెప్పకుండా ఉండాల్సింది.

నిన్న పెరట్లో బట్టలు ఆరేస్తుంటే వెనక నుంచి వచ్చి, “మే నెల్లో ఆ బొటనేలు అబ్బాయి ఎంత తీసుకుంటాడో కనుక్కో” అంది. “ఏసీ అక్కర్లేదని చెప్పు.”